కన్నాలు

ఇన్వర్‌కార్గిల్‌లో గాలికి సెలవుల్లేవు.
దక్షిణధ్రువం నుంచి తిన్నగా వచ్చి
మా రేకుల షెడ్డు తలుపు కొట్టి
రమ్మనకపోయినా లోపలికొస్తుంది.
ఆ చలిలో
కారు కింద వెల్లకిలా తమ్ముడు రేవి,
పక్కన టార్చి పట్టుకుని
గొంతుక్కూర్చుని నేను.

ముప్పయ్యేళ్ళ మాజ్డా. రెండు సీట్లు.
కళ్ళు తెరిచి మూసే దీపాలు,
ఒక రెప్ప మాత్రం సగంలో ఆగిపోతుంది.
మాంసం ఫ్యాక్టరీలో చలికాలమంతా
గొర్రెల కాళ్ళు కోసిన కూలి
బండికి సరిపోయింది,
చప్పుడుకి మిగల్లేదు.
కొత్త ఎగ్జాస్టు పన్నెండు వందల డాలర్లు.
వాడి జేబులో పద్దెనిమిది.

అందుకని లెక్క ఇలా వేశాడు:
డ్రిల్లు, పక్కింటి గిల్‌క్రైస్ట్ మామ్మ దగ్గర అరువు.
బిట్టు ఒకటి, తొమ్మిది డాలర్లు.
గొట్టం మొనకు తళుకు కావాలి గనక
పీచ్ పండ్ల డబ్బా.
పండ్లు నేను తినాలి.
మిగతాది ధైర్యం.

"ఎందుకురా ఇంత మోత?"
"టార్చి కదపకు."

మొదటి కన్నానికి సైలెన్సర్ ఏడ్చింది.
నిజంగానే. తుప్పునీళ్ళు
వాడి చెంప మీదుగా చెవిలోకి కారాయి.
ఏడో కన్నానికి బిట్టు విరిగింది.
చాలనుకుని తాళం తిప్పాడు.

ఈ ఊరివాళ్ళు 'ర' పలికితే
నాలుక మీద రైలు వెళ్తుంది.
మా బండికి ఆ అక్షరం రాలేదు.
'బ' అంది.
బబబబ అని, ఆఖర్న ఒత్తు పెట్టి 'భ' అంది.
రేవి మొహం చూడాలి అప్పుడు!
సింహమనుకున్నాడు.
నాకు కడుపుబ్బరం చేసిన ఆవు వినిపించింది.
చెప్పలేదు.

అంతటితో ఆగాడా?
మర్నాడు సైలెన్సర్నే పీకి
షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు,
దాని చోట ఒట్టి గొట్టం బిగించాడు.
నెల రోజులు
వీధి వీధంతా కిటికీలు పళ్ళు కొరికాయి.
తానిచ్చిన డ్రిల్లే
తన నిద్రకు కన్నం వేసిందని
గిల్‌క్రైస్ట్ మామ్మకు ఆలస్యంగా అర్థమైంది.
డ్రిల్లు వెనక్కి అడగలేదు.
పోలీసులకు ఫోన్ చేసింది.

అద్దం మీద గులాబీరంగు స్టిక్కరు.
సైలెన్సర్ మళ్ళీ బిగించి
తనిఖీ చేయించేదాకా
బండి రోడ్డెక్కడానికి లేదు.
తిట్టుకుంటూ గోడ దగ్గరికెళ్ళాడు,
చెయ్యెత్తాడు,
ఆగిపోయాడు.

గొట్టంలోంచి ఒక గడ్డిపరక.
ఆ వెనక పసుపుముక్కు.

స్టార్లింగ్ పిట్ట. నల్లటి ఒంటి మీద చుక్కలు,
మన గోరువంకకు వేలువిడిచిన చుట్టం.
అద్దె లేని ఇల్లు, ఏడు కిటికీలు.
ఒక కన్నంలోకి టార్చి వేశాను:
గడ్డి మీద లేతనీలం, గుడ్లే,
రెండో మూడో కనిపించాయి.

"ఎన్నాళ్ళు?"
"పొదగడానికి పన్నెండు రోజులు,
రెక్కలకి మూడు వారాలు."
ఇంకో మాట అంటాడనుకున్నాను.

ఐదు వారాలు సైకిలు తొక్కాడు ఫ్యాక్టరీకి,
నాలుగింటికే లేచి, ఎదురుగాలిలో,
ఆ గాలినే బూతులు తిడుతూ.
కిర్రుమనకుండా
షెడ్డు తలుపు బందులకు నూనె పూశాడు.
నా చేతిలోంచి స్పానర్ జారితే
పెదవుల మీద వేలు పెట్టి కళ్ళెర్రజేశాడు.
వాడు!
వీధికి నిద్ర లేకుండా చేసినవాడు!

ఒకరోజు మామ్మ డ్రిల్లు కోసం వచ్చింది.
గోడవైపు చాలాసేపు చూసింది.
డ్రిల్లు మరిచిపోయి వెళ్ళింది.

నవంబరు ఆఖర్న కాపురం ఖాళీ.
కన్నాలు ఏడూ పుట్టీతో పూడ్చి
సైలెన్సర్ బిగించి తాళం తిప్పితే
ముందు కాలిన గడ్డి వాసన,
తర్వాత పొగ,
పొగలో ఒక ఈక.

స్టిక్కరు పోయింది. బండి ఇప్పుడు
అందరి బళ్ళలాగే గొణుగుతుంది.
గోడకు ఆ మేకు మాత్రం ఉంది.
దానికి తుక్కుకొట్లో ఐదు డాలర్లకు కొన్న
ఇంకో సైలెన్సర్.
ఏడు కన్నాలు, చూసి చూసి, అవే చోట్ల.

ఇంతవరకూ ఏ పిట్టా దిగలేదు.
డ్రిల్లు ఇంకా మా దగ్గరే ఉంది.